మాటలను విప్పి చూపిన మాస్టారు – నోవా వెబ్‌స్టర్



ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని మన కార్యదర్శి గారు కోరినపుడు కొంత సంకోచించాను. దేశ నాయకుల గురించి, వాగ్గేయకారుల గురించి నాకంటే బాగా వ్రాయగలవారు మన సంఘంలోనే చాలామంది ఉన్నారు. చివరకు, నా ఉద్యోగ జీవితంలో చాలాకాలం సెక్షన్ బీరువాలో అట్ట ఊడిన డిక్షనరీ రూపంలో నాకు తోడుగా ఉన్న ఒక పెద్దమనిషిని ఎన్నుకున్నాను. ఆయన అమెరికా దేశపు బడిపంతులు నోవా వెబ్‌స్టర్.

ఆయనతో నాకు బంధుత్వం ఎలా కుదిరిందో ముందుగా మనవి చేస్తాను. నేను తెలుగు మీడియంలో చదివి గుమాస్తాగా చేరినవాడిని. చేరిన కొత్తలో ఒక డ్రాఫ్టులో గవర్నమెంట్ అనే మాట నడుమ ఉండవలసిన ఎన్ అక్షరాన్ని వదిలివేశాను. చెవికి సరిగా వినపడని అక్షరం కలానికి ఎలా వస్తుంది? ఆఫీసరు గారు ఎర్రసిరాతో సున్న చుట్టి, గవర్నమెంటు జీతం తీసుకుంటూ ఆ మాటైనా వ్రాయడం రాదా అని సెక్షన్ అందరి ఎదుట నవ్వారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మరునాడు మా హెడ్ క్లర్కు గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ మాటను కాగితం మీద రెండు ముక్కలు చేసి చూపారు. గవర్న్ అంటే పాలించడం. దానికి మెంట్ అనే తోక చేరింది. గవర్న్ చివర ఎన్ ఉన్నప్పుడు, తోక తగిలించినంత మాత్రాన అది ఎక్కడికి పోతుంది? అంతటితో ఆగక గవర్నర్, గవర్నెన్స్ అనే మాటలు కూడా ఆ పక్కనే వ్రాసి చూపారు. ఒక్క తప్పు దిద్దుకోబోతే మూడు మాటలు వచ్చాయి. ఆ తరువాత ఏ పెద్ద మాట ఎదురైనా విప్పి చూడడం అలవాటు చేసుకున్నాను. ఈ విద్యకే జీవితం ధారపోసిన మనిషి వెబ్‌స్టర్ అని చాలా సంవత్సరాల తరువాత తెలిసింది.

బాల్యం – చదువు

వెబ్‌స్టర్ 1758 అక్టోబరు 16వ తేదీన కనెక్టికట్ రాష్ట్రంలో, నేడు వెస్ట్ హార్ట్‌ఫర్డ్ అని పిలువబడే ఊరిలో జన్మించాడు. తండ్రి సామాన్య రైతు. పిల్లవాడి చదువు మీది ఆసక్తి చూసి తండ్రి పొలాన్ని తాకట్టు పెట్టి 1774లో యేల్ కళాశాలకు పంపాడు. మన ఇళ్ళలోనూ పిల్లల చదువుకు పొలాలు తాకట్టు పడ్డాయి కనుక ఆ తండ్రి మనసు మనకు వేరే చెప్పనక్కరలేదు.

అది అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలం. చదువు నడుమ వెబ్‌స్టర్ కొద్దిరోజులు తండ్రితో, అన్నదమ్ములతో కలిసి స్థానిక దళంలో నడిచాడు. 1778లో పట్టా పుచ్చుకుని ఇంటికి వస్తే, తండ్రి అతని చేతిలో 8 డాలర్ల నోటు పెట్టి, ఇకమీదట నీ బ్రతుకు నీవే చూసుకోవాలని చెప్పాడు. యుద్ధకాలపు నోట్లకు అప్పటికే విలువ బాగా పడిపోయింది. లాయరు కావాలని కోరిక ఉన్నా, కడుపు నింపుకోవడానికి వెబ్‌స్టర్ బడిపంతులయ్యాడు. 1781లో న్యాయవాద పరీక్ష నెగ్గినా ఆ వృత్తి అతనికి కలిసిరాలేదు. మళ్ళీ బడి తెరిచాడు.

నీలి అట్ట పుస్తకం

ఆనాటి బడులలో ఇంగ్లండు నుండి వచ్చిన థామస్ డిల్‌వర్త్ స్పెల్లింగు పుస్తకం వాడేవారు. అందులో మాటలను విడగొట్టిన తీరు వెబ్‌స్టర్‌కు నచ్చలేదు. ఉదాహరణకు హాబిట్ అనే మాటను అందులో హెచ్-ఏ ఒక ముక్కగాను, బి-ఐ-టి మరొక ముక్కగాను విడగొట్టారు. పిల్లలు అలా విడగొట్టి చదివితే నోటికి వచ్చేది ఒకటి, ఊరిలో వినపడేది మరొకటి. నేషన్ చివర ఉండే టి-ఐ-ఓ-ఎన్ అనే తోకను సైతం రెండు ముక్కలు చేసేవారు. పలికేటప్పుడు ఒక్కటిగా వినపడేదానిని పుస్తకంలో రెండు చేస్తే పసివాడు ఏది నమ్మాలి?

1783లో, 25వ ఏట, వెబ్‌స్టర్ తన సొంత స్పెల్లింగు పుస్తకాన్ని హార్ట్‌ఫర్డ్‌లో అచ్చు వేయించాడు. నష్టం వస్తే తానే భరించే ఒప్పందం మీద 5 వేల ప్రతులు వేశారు. తరువాతి కాలంలో నీలిరంగు అట్టతో వచ్చినందువలన జనం దానిని నీలి అట్ట పుస్తకం అని పిలుచుకున్నారు. మనకు పెద్దబాలశిక్ష ఎటువంటిదో వారికి అది అటువంటిది. మొదట అక్షరాలు, తరువాత ఒక్కొక్క హల్లుకు అచ్చులు వరుసగా చేర్చిన పట్టీలు, అంటే మన గుణింతాల వంటివే, ఆ తరువాత ఒక్క ముక్క మాటలు, రెండు ముక్కల మాటలు, మూడు ముక్కల మాటలు. రెండు ముక్కల మాటలలో కూడా ఊనిక మొదటి ముక్క మీద పడేవి ఒక పట్టీ, రెండవ ముక్క మీద పడేవి మరొక పట్టీ. ఒకే రకం తోక గలవి ఒకచోట చేరాయి. చిన్న కథలు, నీతులు ఉండనే ఉన్నాయి.

ఒక తోకను ఒకసారి గుర్తుపట్టిన పిల్లవానికి ఆ తోక ఉన్న వంద మాటలలో సగం భారం తగ్గినట్లే. వెబ్‌స్టర్ చేసిన మేలు ఇదే. 1837 నాటికి కోటిన్నర ప్రతులు అమ్ముడుపోయినట్లు ఆయన వేసిన అంచనా. మరణానంతరం కూడా దశాబ్దాల పాటు ఆ పుస్తకం అచ్చవుతూనే ఉంది. అయితే ప్రతికి ఒక సెంటు కూడా ఆయన చేతికి వచ్చేది కాదు. దొంగ ముద్రణల బెడద కూడా ఉండేది. తన పుస్తకం మీద తనకే హక్కు ఉండాలని రాష్ట్రం తరువాత రాష్ట్రం తిరిగి శాసనసభ్యులను ఒప్పించే ప్రయత్నం చేశాడు. అమెరికాలో 1790లో కాపీరైటు చట్టం రావడానికి, 1831లో ఆ హక్కు 28 సంవత్సరాలకు పెరగడానికి వెనుక ఆయన శ్రమ ఉంది.

బానిసల చేతిలో పలక

ఈ పుస్తకం ఎవరెవరి చేతులకు చేరిందో చెప్పకపోతే ఈ జీవితచరిత్ర సగమే అవుతుంది. ఆనాడు అమెరికా దక్షిణాది రాష్ట్రాలు పలుచోట్ల బానిసలకు చదువు నేర్పడాన్ని నేరంగా ఎంచాయి. బాల్టిమోర్ నగరంలో ఫ్రెడరిక్ డగ్లస్ అనే బానిస బాలుడు ఓడలు కట్టే చోట కొయ్యల మీది అక్షరాలు చూసి వ్రాత మొదలుపెట్టి, తరువాత వెబ్‌స్టర్ పుస్తకంలోని అక్షరాలను చూడకుండా వ్రాయగలిగేవరకు దిద్దుకున్నాడు. తరువాత అతడు స్వేచ్ఛ సంపాదించుకుని, ఆ దేశంలో మహావక్తగా, గ్రంథకర్తగా పేరుపొందాడు.

1865లో బానిసత్వం పోయాక, ఉప్పు బట్టీలో పనిచేస్తున్న బుకర్ వాషింగ్టన్ అనే కుర్రవానికి తల్లి ఎలాగో ఒక నీలి అట్ట పుస్తకం సంపాదించి ఇచ్చింది. ఆమెకు చదువు రాదు. చుట్టుపక్కల వారి జనంలో చదివి చెప్పేవారు లేరు. కుర్రవాడు తనంతట తానే అక్షరాలతో కుస్తీ పట్టాడు. 1881లో టస్కీగీలో ఒక విద్యాసంస్థకు ప్రధానాచార్యుడైనవాడు ఆయనే. పట్టీలుగా, మెట్లుమెట్లుగా కట్టిన పుస్తకం కనుకనే పంతులు లేనివాడికి కూడా అది ఎంతో కొంత పంతులుగా పనిచేసింది.

రిటైరయ్యే వయసులో మహాకార్యం

1789లో వెబ్‌స్టర్ బోస్టన్ వాస్తవ్యురాలు రెబెకా గ్రీన్‌లీఫ్‌ను వివాహమాడాడు. ఎనిమిదిమంది సంతానం. 1793లో న్యూయార్క్‌లో పత్రిక నడిపాడు. 1798లో న్యూ హేవెన్‌కు మకాం మార్చాడు. 1800లో నిఘంటువు వ్రాస్తానని ప్రకటిస్తే పత్రికల వారు ఎగతాళి చేశారు. ఆయన వెనుదీయలేదు. 1806లో సుమారు 37 వేల మాటలతో చిన్న నిఘంటువు తెచ్చి, వెంటనే పెద్దదానికి పూనుకున్నాడు. స్పెల్లింగు పుస్తకం మీద వచ్చే కొద్దిపాటి రాబడే ఇంటికి ఆధారం. 1812లో ఖర్చు తగ్గించుకోవడానికి ఆమ్హర్స్ట్ అనే చిన్న ఊరికి కుటుంబాన్ని తరలించాడు. గుండ్రని పెద్ద బల్ల మీద ఇరవైకి తక్కువకాని భాషల నిఘంటువులు పరచుకుని, ఒక్కొక్క మాట కోసం బల్ల చుట్టూ తిరుగుతూ పనిచేసేవాడని చెబుతారు.

1824లో, 65 ఏళ్ళు దాటాక, కుమారుని వెంటబెట్టుకుని ఓడ ఎక్కి పారిస్, కేంబ్రిడ్జి నగరాల గ్రంథాలయాలకు వెళ్ళాడు. 1825 జనవరిలో కేంబ్రిడ్జిలో చివరి మాటకు అర్థం వ్రాశాడు. ఆ క్షణంలో చేయి వణికి కలం నిలవలేదట. లేచి గదిలో కొంతసేపు అటూ ఇటూ నడిచిన తరువాతనే మనసు కుదుటపడింది. 1828లో, 70వ ఏట, రెండు సంపుటాలుగా 70 వేల మాటలతో ఆ నిఘంటువు వెలువడింది. 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో ఉన్నవి సుమారు 42 వేలే. మొదటి ముద్రణ 2,500 ప్రతులు, వెల 20 డాలర్లు. కీర్తి వచ్చింది కాని లాభం రాలేదు. 82 ఏళ్ళు దాటిన తరువాత 1841లో రెండవ కూర్పు కోసం ఇంటిని తాకట్టు పెట్టాడు. పొలం తాకట్టుతో మొదలైన చదువు ఇంటి తాకట్టు దాకా వచ్చింది. 1843 మే 28న న్యూ హేవెన్‌లో కన్నుమూశాడు. ఆ తరువాత నిఘంటువు హక్కులను మెరియం సోదరులు కొన్నారు.

గెలిచినవి – ఓడినవి

వెబ్‌స్టర్‌ను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన అహంభావి అనీ, మాట పడడనీ సమకాలికులే చెప్పుకున్నారు. స్పెల్లింగు విషయంలో కూడా ఒక దశలో అతికి పోయాడు. పలికినట్లే వ్రాయాలని పట్టుబట్టి నాలుక అనే అర్థం గల టంగ్ అనే మాటను టి-యు-ఎన్-జి అనీ, విమెన్ అనే మాటను డబ్ల్యు తరువాత ఐ పెట్టీ వ్రాయాలన్నాడు. జనం ఒప్పుకోలేదు. మరికొన్ని మార్పులు మాత్రం నిలిచాయి. మ్యూజిక్ చివర ఉండే కె అక్షరాన్ని తీసివేయడం ఇంగ్లండుకు కూడా సమ్మతమైంది. డిఫెన్స్‌లో సి బదులు ఎస్, హానర్‌లో యు లేకపోవడం అమెరికాలో స్థిరపడ్డాయి.

నిలిచినవాటిని పరిశీలిస్తే నాకు ఒకటి తోచింది. మ్యూజికల్ అనే మాటలో కె లేదు. మ్యూజిక్‌లో తీసివేస్తే తల్లీబిడ్డలు ఒకే పోలికకు వచ్చారు. డిఫెన్సివ్‌లో ఎస్ ఉంది కనుక డిఫెన్స్‌లోనూ అదే ఉండాలని వెబ్‌స్టరే వాదించాడు. గౌరవ కార్యదర్శి అనడానికి మనం వాడే ఆనరరీ అనే మాటలో ఇంగ్లండు వారు సైతం యు వ్రాయరు. అంటే ఇవి మాటల కుటుంబాన్ని దగ్గరచేసిన మార్పులు. విమెన్‌ను ఐ పెట్టి వ్రాస్తే వుమన్ అనే ఏకవచనంతో పోలిక చెడిపోయేది. జనం తిరస్కరించడానికి వేరే కారణాలు కూడా ఉండవచ్చు గాని, ఈ పోలిక మాత్రం గమనించదగినది.

ఇక్కడే మనవంటి వారికి ఇంగ్లీషు ఎందుకు కష్టమైందో తెలుస్తుంది. తెలుగు చాలావరకు పలికినట్లు వ్రాసే భాష. ఇంగ్లీషులో స్పెల్లింగు చాలాచోట్ల ధ్వనికంటే కుటుంబాన్ని కాపాడుతుంది. ఎలక్ట్రిక్, ఎలక్ట్రిసిటీ, ఎలక్ట్రీషియన్ అనే మూడు మాటలలో ఒకే సి అక్షరం ఒకచోట క, ఒకచోట స, ఒకచోట ష అని పలుకుతుంది. చెవికి మూడు, కంటికి ఒకటి. హీల్, హెల్త్ అనేవి చెవికి వేరు. కాగితం మీద హెచ్-ఈ-ఏ-ఎల్ రెండింటిలోనూ ఉంది. నయం కావడానికీ ఆరోగ్యానికీ ఉన్న చుట్టరికం కంటికి కనబడుతుంది.

సంస్కృతం కొంత చదివినవారికి ఇది కొత్త కాదు. ఆహారం, విహారం, ప్రహారం, సంహారం అనే మాటలలో మూలం ఒక్కటే, ముందు చేరిన ఉపసర్గ అర్థాన్ని మారుస్తుంది. అలాగే ఇంగ్లీషులో మోయడం అనే అర్థం గల పోర్ట్ అనే మూలానికి ముందు ముక్కలు చేరి ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్ అయ్యాయి. మనకు ప్రాణప్రదమైన పెన్షన్ అనే మాటకు కూడా లాటిన్‌లో తూచి ఇవ్వడం అనే మూలం ఉంది. పూర్వం లోహాన్ని తూచి చెల్లించేవారు. ఎక్స్‌పెన్స్, కాంపెన్సేషన్ అనేవి దాని తోబుట్టువులే. మూడింటిలోనూ పి-ఈ-ఎన్-ఎస్ కనబడుతుంది. మన పెన్షన్ మన ఎక్స్‌పెన్స్‌కు చాలకపోయినా మాటలు మాత్రం చుట్టాలే!

అయితే విప్పడంలో ప్రమాదం కూడా ఉంది, అందులో వెబ్‌స్టరే పడ్డాడు. లోకంలోని భాషలన్నీ బైబిలు కాలపు కాల్డీ భాష నుండి వచ్చాయని నమ్మి, ధ్వనులు కాస్త కలిస్తే చాలు, మాటలకు లేని చుట్టరికాలు కలిపాడు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుండి వచ్చి ఉండాలని సర్ విలియం జోన్స్ కలకత్తాలో 1786లోనే సూచించాడు. జర్మనీ పండితులు ఆ దారిలో చాలా దూరం వెళ్ళారు. వెబ్‌స్టర్ ఆ దారి పట్టలేదు. ఆయన పోయిన తరువాత 1864 నాటి కూర్పులో మాన్ అనే జర్మన్ పండితుడు ఆ భాగాన్ని పూర్తిగా తిరగవ్రాయవలసి వచ్చింది. పదేళ్ళ శ్రమ వృథా అయింది. కంటికి కనబడిన పోలికను పరీక్షించి చూసుకోవాలి తప్ప ఊహతో ముడిపెట్టరాదని దీని పాఠం.

నేటి పరిశోధన – మా ఇంటి ముచ్చట

ఈ కాలపు పండితులు ఈ విషయాన్ని పరీక్షలు పెట్టి చూశారు. 1984లో నేగీ, ఆండర్సన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 3 నుండి 9వ తరగతి వరకు పిల్లలకు ఎదురయ్యే అచ్చు ఇంగ్లీషులో సుమారు 88 వేల పద కుటుంబాలు ఉంటాయని లెక్కకట్టారు. ఇన్నింటిని ఒక్కొక్కటిగా ఏ పంతులూ నేర్పలేడు; తెలిసిన మాట నుండి తెలియని మాటకు పిల్లవాడే నడిచి వెళ్ళాలి. 2008లో రోసెంథాల్, ఎరీ అనే పరిశోధకులు 2వ, 5వ తరగతి పిల్లలకు కొత్త మాటలు నేర్పుతూ కొన్నింటికి స్పెల్లింగు కూడా చూపారు, కొన్నింటికి చూపలేదు. స్పెల్లింగు చూసిన మాటల ఉచ్చారణ, అర్థం కూడా పిల్లలకు మెరుగుగా గుర్తున్నాయి. స్పెల్లింగు కేవలం పరీక్ష మార్కుల కోసం కాదు, మాటను మనసులో తగిలించుకునే కొక్కెం అన్నమాట.

అమెరికాలో 1925 నుండి జరుగుతున్న జాతీయ స్పెల్లింగు పోటీలో 1985లో మొదటిసారి ఒక భారత సంతతి బాలుడు గెలిచాడు. తరువాత గెలిచినవారిలో తెలుగువారి బిడ్డలు కూడా ఉన్నారు. ఆ పోటీకి ప్రమాణం వెబ్‌స్టర్ పేరు మోస్తున్న పెద్ద డిక్షనరీయే. వేదిక మీద పిల్లలు మాట అర్థం, అది ఏ భాష నుండి వచ్చిందో అడిగి తెలుసుకుంటారు. అంటే వారు కంఠస్థం చేసినది అప్పజెప్పడం లేదు, మాటను విప్పుతున్నారు.

మా మనవరాలు ఐదవ తరగతి. సంతకం అనే అర్థం గల సైన్ అనే మాటను ఎస్-ఐ-ఎన్-ఈ అని వ్రాసి డిక్టేషనులో మార్కు పోగొట్టుకుని, కళ్ళనీళ్ళతో నా దగ్గరకు వచ్చింది. పలకని జి ఎందుకు తాతయ్యా అని దాని బాధ. సిగ్నేచర్ అని పలకమన్నాను. అందులో జి వినపడగానే దాని ముఖం వికసించింది. సిగ్నల్ తనంతట తానే చెప్పింది. డిజైన్‌లోనూ జి ఉందని మరుసటిరోజు బడి నుండి వచ్చి చెప్పింది. ఆ ఉత్సాహంలో, అన్ అంటే కాదు అని కదా, మరి అంకుల్ స్పెల్లింగులో మొదట యు-ఎన్ ఉంది, మిగిలిన ముక్కకు అర్థమేమిటి అని అడిగింది. ఇంటిల్లిపాదీ నవ్వాము గాని, అంతటి వెబ్‌స్టర్ కూడా ఇటువంటి పొరపాటే చేశాడని చెప్పి, ఇద్దరం కలిసి డిక్షనరీ తెరిచాము. అలాగే మెయింటెయిన్ చూసి మెయింటెనెన్స్ వ్రాయబోతే నడుమ అక్షరాలు మారతాయని కూడా చూపాను. నేను ఆఫీసులో దానిని ఎన్నేళ్ళు తప్పు వ్రాశానో మాత్రం దానికి చెప్పలేదు!

సోదరులారా, మనలో చాలామందిమి చెవికి వినపడని అక్షరాల వలన ఎక్కడో ఒకచోట తలవంచుకున్నవాళ్ళమే. మన మనవలు ఆ పని చేయనక్కరలేదు. తప్పు వ్రాసినపుడు పదిసార్లు వ్రాయించేకంటే పక్కన కూర్చోబెట్టుకుని మాటను విప్పి చూపుదాము, అనుమానం వస్తే డిక్షనరీ తెరుద్దాము. వెబ్‌స్టర్ తన మహాగ్రంథం పూర్తిచేసినది 66వ ఏట. మనకు తీరిక ఉంది, మనవలకు అవసరం ఉంది. ఆనాడు మా హెడ్ క్లర్కు గారు నాకు చేసిన ఉపకారాన్ని ఈ విధంగా కొంత తీర్చుకుంటున్నాను.